చిన్న సర్వరును ఫ్లడ్ దాడి నుంచి కాపాడుకునే విధానం

గుంటూరు మిర్చి యార్డు దగ్గర రోజువారీ ధరల పేజీ నడిపే కమిషన్ వ్యాపారికైనా, విజయవాడ బెంజి సర్కిల్ పరిసరాల్లో ఆన్‌లైన్ పరీక్షలు పెట్టే కోచింగ్ సెంటరుకైనా సాధారణంగా ఉండేది ఒక్క అద్దె సర్వరే: రెండు కోర్లు, నాలుగు జీబీ మెమరీ, లినక్స్, దాని మీద పేజీలు అందించే ఇంజిన్‌ఎక్స్, వాటిని తయారుచేసే పీహెచ్‌పీ, ఒక డేటాబేస్. దాన్ని చూసుకునే మనిషి కూడా ఒక్కరే ఉంటారు. అది కూడా వారికున్న పది పనుల్లో ఒకటిగా ఉంటుంది. ఆ ఒక్కరూ మీరే అనుకుని, సర్వరు తట్టుకోలేనంత దొంగ ట్రాఫిక్ కుమ్మరించి సైటును ఆపేసే ఫ్లడ్ దాడిని ఎదుర్కొనే ఈ క్రమాన్ని రాస్తున్నాను.

ఇంత చిన్న సర్వరు మీద ఎవరికి పగ ఉంటుందని కొట్టిపారేయకండి. డబ్బు తీసుకుని ఎవరి మీదికైనా దాడి పంపే బూటర్ సైట్లు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి; 2022 డిసెంబరులో అమెరికా న్యాయశాఖ ఒక్క విడతలోనే అలాంటి 48 డొమైన్లను స్వాధీనం చేసుకుంది. రేపటి పరీక్ష వాయిదా పడితే బాగుండునని కోరుకునే కుర్రవాడికి కూడా ఆ సాధనం అందుబాటులోనే ఉంటుంది. దాడి మీ కోసం రాకపోయినా, అదే యంత్రం మీద అద్దెకున్న మరొకరి కోసం వచ్చినా, దెబ్బ మీకూ తగులుతుంది.

ఏది నిండుతోందో ముందు తెలుసుకోండి

ఫ్లడ్ దాడి ఏదో ఒకదాన్ని నింపివేయడం ద్వారానే పనిచేస్తుంది. నింపడానికి వీలైనవి మూడు: సర్వరుకు వచ్చే ఇంటర్నెట్ లైను, లినక్స్ గుండెకాయైన కెర్నల్ తన దగ్గర ఉంచుకునే కనెక్షన్ల పట్టికలు, వాటి పైన పనిచేసే ప్రోగ్రాం. మూడింటికీ మందు వేరు వేరుగా ఉంటుంది కాబట్టి, నిండుతున్నది ఏదో తేల్చుకోకుండా ఎక్కడో చదివిన సెట్టింగులన్నీ తెచ్చి అతికించడం వల్ల కాలం వృథా కావడమే కాక, మంచి కనెక్షన్లు కూడా తెగిపోతాయి.

లైను సంగతి లెక్కతోనే తేలిపోతుంది. వంద మెగాబిట్ల లైనులో అతి చిన్న ఈథర్‌నెట్ ఫ్రేములు సెకనుకు సుమారు 1,48,800 మాత్రమే పడతాయి; ఒక గిగాబిట్ లైనులో దానికి పదిరెట్లు పడతాయి. అంతకు మించి పంపగలిగిన వాడి ముందు మీ ఫైర్‌వాల్ ఎంత గట్టిదైనా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఫైర్‌వాల్ పారవేసే ప్యాకెట్టు కూడా ముందుగా మీ లైను గుండానే రావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో గడప దగ్గర ఇసుక బస్తా వేసుకున్నట్టే ఉంటుంది అది. ఆ నీటిని ఆపవలసిన చోటు ఎగువన ఉంది. ఈ ఒక్క విషయం మనసులో నిలిస్తే, సర్వరులో ఏ పని చేయాలో, ఏ పనిని పైవారికి అప్పగించాలో తేలికగా తెలిసిపోతుంది.

గుర్తుపట్టే పద్ధతి ఇలా ఉంటుంది. ప్రాసెసర్ ఖాళీగా ఉండి కూడా ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి సర్వరులోకి లాగిన్ అయ్యే పద్ధతి) ఒక్కో అక్షరం నత్తనడక నడుస్తుంటే, సర్వరు అద్దెకిచ్చిన సంస్థ కంట్రోల్ ప్యానెల్లో లోపలికి వచ్చే ట్రాఫిక్ గీత నెత్తికెక్కి అక్కడే సమతలంగా నిలిచిపోతే, నిండింది లైను. కనెక్షన్ల జాబితా చూపే ఎస్‌ఎస్ కమాండుతో చూసినప్పుడు మామూలుగా పట్టుమని పది కూడా ఉండని సిన్-రిసీవ్డ్ స్థితి (సగంలో ఆగిన) కనెక్షన్లు వందల్లో, వేలల్లో కనిపిస్తే, లేదా కాన్‌ట్రాక్ (ఫైర్‌వాల్ కనెక్షన్లను నమోదు చేసే) పట్టిక నిండిపోయిందని, ప్యాకెట్లు వదిలేస్తున్నామని కెర్నల్ లాగులో వరుసగా వస్తుంటే, నిండింది పట్టిక. ఈ రెండూ లేకుండా పీహెచ్‌పీ ప్రాసెస్‌లు, డేటాబేస్ మాత్రమే ప్రాసెసర్‌ను తినేస్తూ, వచ్చిన ప్రతి రిక్వెస్టునూ రాసే యాక్సెస్ లాగు జలపాతంలా దొర్లుతుంటే, నిండుతున్నది ప్రోగ్రాం.

అసలు మామూలు రోజు ఎలా ఉంటుందో తెలియకపోతే ఇవేవీ అర్థం కావు. అందువల్ల ఈ వారమే ట్రాఫిక్ లెక్కలు రాసిపెట్టే వీఎన్‌స్టాట్‌ను ఇన్‌స్టాల్ చేసి, పనిరోజు ఉదయం పదకొండుకు, రాత్రి తొమ్మిదికి ఎన్ని కనెక్షన్లున్నాయో, సెకనుకు ఎన్ని రిక్వెస్టులు వస్తున్నాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మిర్చి సీజను జోరుగా ఉండే ఫిబ్రవరి, మార్చి నెలల అంకెలు, యార్డుకు వేసవి సెలవులిచ్చిన తర్వాతి అంకెలు ఒకటి కావు. కోచింగ్ సెంటరుకైతే ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చిన రోజు లెక్కే వేరు. ఆ రోజు వచ్చే రద్దీని దాడి అనుకుని తలుపులు మూసుకునేవారు నిజంగా ఉన్నారు. నిజమైన విద్యార్థి పేజీతోపాటు దాని బొమ్మలను, స్టైల్ ఫైళ్లను కూడా అడుగుతాడు, ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళతాడు. దాడి చేసే ప్రోగ్రాం చాలాసార్లు సెర్చ్ పేజీనో లాగిన్ పేజీనో పట్టుకుని, దాన్నే వేలసార్లు అడుగుతుంది. ఇది తిరుగులేని ఆనవాలు కాకపోయినా, లాగులో మొదట వెతకవలసింది ఇదే.

అవసరం లేని తలుపులు మూయండి

బయటి నుంచి వచ్చేదాన్ని డీఫాల్టుగా తిరస్కరించి, వెబ్ పేజీలు వెళ్లే 80, 443 పోర్టులను అందరికీ, ఎస్‌ఎస్‌హెచ్ పోర్టును మీరు వాడే చిరునామాలకు మాత్రమే తెరిచే విధంగా లినక్స్ ఫైర్‌వాల్ అయిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో నియమాలు రాయండి. డేటాబేస్, డేటాను మెమరీలో ఉంచే రెడిస్, మెమ్‌క్యాష్డ్ వంటివి లోకల్‌హోస్ట్ చిరునామా మీద మాత్రమే, అంటే అదే సర్వరు నుంచి వచ్చే పిలుపులను మాత్రమే, వినాలి. ఇది మీ రక్షణ కోసమే కాదు: 2018 ఫిబ్రవరి 28న గిట్‌హబ్ మీదికి సెకనుకు 1.35 టెరాబిట్ల వేగంతో వచ్చిన దాడి, ఎవరెవరో అజాగ్రత్తగా తెరిచి ఉంచిన మెమ్‌క్యాష్డ్ సర్వర్ల యూడీపీ 11211 పోర్టుల నుంచే బయలుదేరింది. మీ సర్వరులో డీఎన్ఎస్ రికర్షన్ (ఎవరి తరఫునైనా సైటు పేర్లకు చిరునామాలు వెతికిపెట్టడం) అందరికీ తెరిచి ఉన్నా ఇంతే. దాడికి గురికాకుండానే దాడికి ఆయుధమవుతారు.

కెర్నల్‌లో చేయవలసినవి

సిన్ ఫ్లడ్ పాత దాడి. టీసీపీ కనెక్షను కుదరాలంటే అవతలివాడు సిన్ పంపాలి, సర్వరు సిన్-యాక్ ఇవ్వాలి, అతడు తిరిగి యాక్ పంపాలి. ఆ మూడో ప్యాకెట్టు కోసం ఎదురుచూస్తూ సర్వరు ప్రతి సిన్‌కూ కొంత చోటు కేటాయిస్తుంది. దొంగ చిరునామాలతో సిన్‌లు మాత్రమే కుమ్మరిస్తే ఆ చోటు నిండిపోయి, నిజమైన వాడుకరికి తలుపు తెరుచుకోదు. 1996 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ప్యానిక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ రోజుల తరబడి మూలనపడింది ఈ దాడి వల్లనే. ఆ నెలలోనే డేనియల్ బెర్న్‌స్టైన్ సిన్ కుకీల ఉపాయం చెప్పారు: క్యూ నిండినప్పుడు సర్వరు ఏమీ గుర్తుపెట్టుకోకుండా, గుర్తుపెట్టుకోవలసిన సమాచారాన్ని తన జవాబులోని సీక్వెన్స్ నంబరులోనే ఇమిడ్చి పంపుతుంది, నిజమైనవాడైతే దానికి ఒకటి కలిపి తిరిగి తెస్తాడు.

ఇప్పటి లినక్స్‌లో టీసీపీ_సిన్‌కుకీస్ విలువ మామూలుగా 1గానే ఉంటుంది; కెర్నల్ సెట్టింగులు చూపే సిస్‌సీటీఎల్‌తో ఒకసారి సరిచూసుకుంటే చాలు. దానితోపాటు టీసీపీ_టైమ్‌స్టాంప్స్ కూడా ఆన్‌లో ఉంచండి, ఎందుకంటే అది లేకపోతే కుకీతో కుదిరిన కనెక్షను విండో స్కేలింగ్ (ఒకేసారి ఎక్కువ డేటా పంపే వీలు) వంటి సౌకర్యాలను కోల్పోతుంది. టీసీపీ_సిన్‌యాక్_రిట్రైస్ విలువ మామూలుగా 5 ఉంటుంది, అంటే జవాబివ్వని ఒక్కో సిన్ కోసం సర్వరు నిమిషానికి పైగా కాచుకుని ఉంటుంది. దాన్ని 2కు తగ్గిస్తే ఆ నిరీక్షణ ఏడు సెకన్ల దగ్గరికి దిగుతుంది. వేచి ఉండే కనెక్షన్ల వరుసల పొడవును నిర్ణయించే టీసీపీ_మ్యాక్స్_సిన్_బ్యాక్‌లాగ్‌ను, సోమ్యాక్స్‌కాన్‌ను 4096 చేయండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఇంజిన్‌ఎక్స్ మాత్రం లినక్స్ మీద తనంతట తాను ఆ వరుసకు 511 మాత్రమే అడుగుతుంది. రెండింటిలో తక్కువదే చెల్లుతుంది కాబట్టి, లిజన్ వాక్యంలో బ్యాక్‌లాగ్ విలువను కూడా 4096గా రాసి, సర్వీసును రీస్టార్ట్ చేస్తే తప్ప కెర్నల్‌లో పెంచినది అక్కరకు రాదు.

కాన్‌ట్రాక్ పట్టిక సంగతి మరొకటి. ఫైర్‌వాల్ ప్రతి కనెక్షన్‌నూ అందులో నమోదు చేస్తుంది. కుదిరిన కనెక్షను చప్పుడు లేకుండా పడి ఉన్నా దాన్ని 4,32,000 సెకన్లు, అంటే ఐదు రోజులు ఉంచడం డీఫాల్టు. చిన్న సర్వరుకు అది దండగ. ఆ గడువును 9000 సెకన్లకు దించి, పట్టిక పరిమితిని 2,62,144కు పెంచండి. ఆ పట్టిక పూర్తిగా నిండినా వంద మెగాబైట్లకు మించి మెమరీ తీసుకోదు, నాలుగు జీబీ ఉన్నచోట అది భరించదగినదే. ఈ విలువలన్నింటినీ సిస్‌సీటీఎల్ ఫోల్డరులో ఒక ఫైలుగా రాసిపెట్టకపోతే, రీబూట్ అయిన మరుక్షణం పాత విలువలు తిరిగి వస్తాయి.

పరిమితులు పెట్టేటప్పుడు మన జనం ఎలా వస్తున్నారో చూడండి

ఇంజిన్‌ఎక్స్‌లో లిమిట్_రెక్ అనే సౌకర్యం ఒక్కో చిరునామా నుంచి సెకనుకు ఇన్ని రిక్వెస్టులే అని గిరి గీస్తుంది. పది మెగాబైట్ల జోన్ పెడితే, ఒక్కో నమోదుకు 128 బైట్ల చొప్పున, ఎనభై వేల చిరునామాలను గుర్తుపెట్టుకోగలదు. ఇంతవరకు తేలికే. అసలు చిక్కు అంకె ఎంత పెట్టాలన్న దగ్గర వస్తుంది, పరదేశీ పాఠాలను ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకుంటే మనవాళ్లకు ఎదురుదెబ్బ తగిలేది కూడా అక్కడే.

మన జిల్లాల్లో సైటు చూసేవారిలో ఎక్కువమంది మొబైల్ డేటా మీద ఉంటారు. ఐపీవీ4 చిరునామాలు చాలక మొబైల్ కంపెనీలు క్యారియర్ గ్రేడ్ నాట్ పద్ధతిలో ఒకే పబ్లిక్ చిరునామాను చాలామంది చందాదారులకు పంచుతాయి. సత్తెనపల్లిలో రైతు, తెనాలిలో వ్యాపారి, మంగళగిరిలో విద్యార్థి మీ లాగులో ఒకే చిరునామాగా కనిపించవచ్చు. ఇక హాస్టల్లో రెండు వందల మంది పిల్లలు ఒకే వైఫై మీద ఉదయం పదింటికి ఒకేసారి పరీక్ష మొదలుపెట్టినప్పుడు, ఆ రెండు వందల మందీ సర్వరు దృష్టిలో ఒక్కడే. సెకనుకు రెండు రిక్వెస్టులని గిరి గీసి, దాటినవాణ్ని గంటపాటు నిషేధిస్తే, దాడి చేసేవాడు చేయదలచుకున్న పనిని మీరే అతడి తరఫున చేసిపెట్టినట్టవుతుంది.

కాబట్టి చిరునామా వారీ పరిమితిని వదులుగా ఉంచి, లాగిన్ అయినవారికి సెషన్ కుకీ (లాగిన్ అయినవారిని గుర్తించే చీటీ) వారీగా బిగించండి. ఆ కుకీ నిజమైనదో కాదో మీ అప్లికేషను సరిచూడాలి. లేకపోతే ప్రతి రిక్వెస్టుకూ కొత్త కుకీ కల్పించి దాటుకుపోతారు. బొమ్మలకు, స్టైల్ ఫైళ్లకు పరిమితి పెట్టనవసరం లేదు, పీహెచ్‌పీ దాకా వెళ్లే దారులకే పెట్టండి. మొదటి అంచనాగా మామూలు పేజీలకు చిరునామాకు సెకనుకు ఇరవై, బర్స్ట్ (ఒక్కసారిగా వస్తే అదనంగా అనుమతించేది) నలభై, నోడిలే (వాటిని ఆలస్యం చేయకుండా పంపడం). లాగిన్ పేజీకి చిరునామాకు సెకనుకు ఐదు, ఒక్కో హాల్‌టికెట్ నంబరుకు నిమిషానికి ఐదు ప్రయత్నాలు చాలు. ఈ చివరిది అప్లికేషనులోనే రాసుకోవాలి. తిరస్కరించినప్పుడు డీఫాల్టుగా వెళ్లే 503 (సేవ అందుబాటులో లేదు) కోడుకు బదులు 429 (రిక్వెస్టులు మితిమీరాయి) పంపేలా మార్చితే, లాగులో నిజమైన లోపాలు వేరుగా, ఆపినవి వేరుగా కనిపిస్తాయి. ఇంజిన్‌ఎక్స్ 1.17.1 నుంచి లిమిట్_రెక్_డ్రై_రన్ ఉంది. అది ఆన్ చేస్తే ఎవరినీ ఆపకుండా, ఆపవలసి వచ్చేవారిని లాగులో మాత్రం రాస్తుంది. దాన్ని ఒక వారం నడిపి, నిజమైన వాడుకరులు ఎంతమంది గిరి దాటుతున్నారో చూసిన తర్వాతే పరిమితిని అమలులో పెట్టండి.

కొత్త తరహా చిరునామాలైన ఐపీవీ6లో ఇబ్బంది దీనికి తలకిందులుగా ఉంటుంది. అక్కడ ఒక్క చందాదారుడికే సాధారణంగా /64 బ్లాకు (కోట్ల కోట్ల చిరునామాలు) మొత్తం దక్కుతుంది కాబట్టి, దాడి చేసేవాడు రిక్వెస్టుకో చిరునామా మార్చగలడు. విడి చిరునామాలను నిషేధించడం అక్కడ వ్యర్థం, లెక్కైనా నిషేధమైనా /64 వారీగానే ఉండాలి.

ఫెయిల్‌టూబ్యాన్ గురించి తరచుగా అడుగుతారు. ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డులు ఊహించి ప్రయత్నించేవారిని ఆపడానికి అది చక్కని సాధనమే. అయితే అది లాగును చదివి, ఆ తర్వాత నిషేధిస్తుంది. ఫ్లడ్ సమయంలో లాగు ఉరుకుతుంటే దాన్ని చదవడమే ప్రాసెసర్‌కు మరో బరువు. వేల చిరునామాలను ఆపవలసి వస్తే ఒక్కోదానికి ఒక్కో నియమం కాకుండా, ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో ఒక సెట్ చేసి అందులో వేయండి.

నెమ్మదిగా చంపే దాడి కూడా ఉంది. 2009లో బయటపడిన స్లోలోరిస్ పద్ధతిలో రిక్వెస్టు హెడర్లను కొద్దికొద్దిగా, ఆగి ఆగి పంపుతూ కనెక్షన్లను పట్టుకు కూర్చుంటారు. ఇంజిన్‌ఎక్స్‌లో క్లయింట్ హెడర్ టైమవుట్‌ను డీఫాల్టు 60 సెకన్ల నుంచి 10కి తగ్గించి, చిరునామాకు కనెక్షన్ల పరిమితిని కూడా పెట్టండి, అది కూడా పైన చెప్పిన కారణం వల్ల వదులుగానే. ఇంజిన్‌ఎక్స్‌కు బదులు అపాచీ వాడుతుంటే రెక్‌టైమవుట్ మాడ్యూల్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. 2023 అక్టోబరులో వెల్లడైన హెచ్‌టీటీపీ/2 ర్యాపిడ్ రీసెట్ (రిక్వెస్టు పంపి వెంటనే రద్దు చేస్తూ పోయే) లోపానికి మాత్రం సాఫ్ట్‌వేరును అప్‌డేట్ చేసుకోవడమే మందు.

నా దృష్టిలో వీటన్నింటికంటే చవకైన రక్షణ క్యాషింగ్, అంటే ఒకసారి తయారైన పేజీని నిలవ ఉంచి అందరికీ అదే ఇవ్వడం. మిర్చి ధరల పేజీ రోజుకు నాలుగైదు సార్లకు మించి మారదు. అయినా చూసే ప్రతివాడి కోసం పీహెచ్‌పీ లేచి, డేటాబేస్‌ను అడిగి, అదే పేజీని మళ్లీ మళ్లీ వండి వడ్డిస్తుంది. ఇంజిన్‌ఎక్స్‌లో ఫాస్ట్‌సీజీఐ క్యాష్ పెట్టి ఆ పేజీని ఐదు సెకన్లు నిలవ ఉంచినా, సెకనుకు వెయ్యిమంది అడిగినప్పుడు పీహెచ్‌పీ దాకా వెళ్లేది ఐదు సెకన్లకు ఒక్కటే. ఒక్క రిక్వెస్టునే పీహెచ్‌పీ దాకా పంపే క్యాష్ లాక్, పాతబడిన పేజీనే తాత్కాలికంగా ఇచ్చే యూజ్_స్టేల్ కూడా ఆన్ చేస్తే, గడువు ముగిసిన క్షణాన అందరూ ఒక్కసారిగా డేటాబేస్ మీద పడరు. లాగిన్ అయినవారి పేజీలను మాత్రం పొరపాటున కూడా క్యాష్ చేయకూడదు. ఒకరి మార్కులు మరొకరికి కనిపిస్తాయి. ప్రశ్న గుర్తు తర్వాత చెత్త అక్షరాలు తగిలించి క్యాష్‌ను తప్పించుకునే దాడులు ఉన్నాయి కనుక, మీ పేజీకి అవసరమైన పారామీటర్లను మాత్రమే క్యాష్ కీలో (నిలవ పేజీని గుర్తుపట్టే పేరులో) చేర్చండి.

ఎగువన ఆపే ఏర్పాటు

లైను నిండే దాడికి సర్వరులో మందు లేదని ముందే చెప్పుకున్నాం. సర్వరు అద్దెకు తీసుకునే ముందే ఆ సంస్థను రెండు ప్రశ్నలు అడగండి: దాడి వచ్చినప్పుడు ట్రాఫిక్‌ను వడపోస్తారా, లేక మీ చిరునామానే బ్లాక్‌హోల్ చేసి (దానికి వచ్చేదంతా పారవేసి) ఎన్ని గంటలు చీకట్లో ఉంచుతారు? రెండోదే వారి పద్ధతి అయితే సైటు ముందు ఒక సీడీఎన్‌ను (మీ తరఫున ట్రాఫిక్‌ను తన సర్వర్ల మీద అందుకునే సేవను) నిలబెట్టడం తప్పనిసరి. క్లౌడ్‌ఫ్లేర్ తన ఉచిత ప్లానులో కూడా దాడి పరిమాణాన్ని లెక్కించకుండా ఆపుతామని 2017లో ప్రకటించింది. చిన్న వ్యాపారానికి అది చాలు.

సీడీఎన్ పెట్టగానే పని ముగియదు. మీ అసలు చిరునామా బయట తెలిసి ఉంటే, దాడి సీడీఎన్‌ను దాటవేసి నేరుగా మీ మీదికే వస్తుంది. అందువల్ల సీడీఎన్‌కు మారిన రోజే సర్వరు చిరునామా మార్పించుకోండి. మెయిల్‌ను అదే సర్వరులో నడపకండి, ఎందుకంటే మెయిల్ ఎక్కడికి పంపాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు, వెళ్లే మెయిళ్ల హెడర్లు చిరునామాను చెప్పేస్తాయి. పాత సబ్‌డొమైన్ల డీఎన్ఎస్ రికార్డులు తీసివేయండి. 80, 443 పోర్టులను సీడీఎన్ ప్రకటించిన చిరునామాలకు మాత్రమే తెరవండి. ఇంజిన్‌ఎక్స్‌లో అసలు వాడుకరి చిరునామాను బయటకు తీసే రియల్ ఐపీ మాడ్యూల్‌ను సరిగ్గా అమర్చకపోతే వచ్చినవారందరూ సీడీఎన్ చిరునామాలతోనే కనిపించి, మీ లిమిట్_రెక్ ఊరంతటినీ ఒక్కసారే ఆపేస్తుంది.

గవర్నరుపేటలోనో అరండల్‌పేటలోనో ఆఫీసులోని ఫైబర్ కనెక్షను మీదే సర్వరు నడుపుతున్నవారికి ఒక్క మాట. దాడి వస్తే సైటుతోపాటు బిల్లింగు, ఫోన్లు కూడా ఆగిపోతాయి. జనం చూసే భాగాన్ని డేటా సెంటరులోని అద్దె సర్వరుకు మార్చి, ఆఫీసు కంప్యూటరును దానితో వైర్‌గార్డ్ అనే రహస్య టన్నెల్ ద్వారా కలపండి. తాళంచెవి లేని ప్యాకెట్టుకు వైర్‌గార్డ్ అసలు జవాబే ఇవ్వదు కనుక ఆఫీసు చిరునామా వెతికేవారికి అక్కడ ఏదో ఉందన్న జాడ కూడా దొరకదు.

దాడి జరుగుతున్నప్పుడు

ముందుగా సర్వరు సంస్థ ఇచ్చే వెబ్ కన్సోల్ ద్వారా లోపలికి వెళ్లండి. ఎస్‌ఎస్‌హెచ్ ఆ లైను మీదే రావాలి కాబట్టి అది అందకపోవచ్చు. ఏది నిండుతోందో పైన చెప్పిన ఆనవాళ్లతో తేల్చండి. ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్‌తో ఒక పదివేల ప్యాకెట్ల హెడర్లను మాత్రం ఒక ఫైలులోకి పట్టి, మొదలైన సమయాన్ని రాసుకోండి. నిండింది లైను అయితే వెంటనే సంస్థకు ఫోన్ చేసి ఆ ఫైలు పంపండి. సర్వరులో ఇంకేమీ మార్చకండి. నిండింది ప్రోగ్రాం అయితే, ముందుగా దాడికి గురవుతున్న ఆ ఒక్క పేజీని స్థిరమైన హెచ్‌టీఎంఎల్ పేజీగా మార్చి, తర్వాత పరిమితులు బిగించండి. వాడుకరులకు వాట్సాప్‌లో రెండు వాక్యాలు పెట్టండి, లేకపోతే వారు మళ్లీ మళ్లీ రిఫ్రెష్ చేస్తూ తమకు తెలియకుండానే రద్దీ పెంచుతారు. డబ్బు పంపితే ఆపుతామని మెయిల్ వస్తే పంపకండి, ఆ మెయిల్‌ను చెరిపేయకండి. ఎదురు దాడి ఆలోచన అసలే వద్దు. దొంగ చిరునామాల వెనుక ఉన్నది ఎవరో అమాయకులు.

డిస్కును గమనిస్తూ ఉండండి. గంటల తరబడి సాగే ఫ్లడ్‌లో యాక్సెస్ లాగే డిస్కును నింపి డేటాబేస్‌ను పడగొట్టగలదు. అలాగని లాగులు చెరిపేయడానికీ వీల్లేదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు ఇలాంటి దాడిని తెలుసుకున్న ఆరు గంటల్లోగా తెలియజేయాలి, లాగులను 180 రోజులు భద్రపరచాలి. చిన్న, మధ్యతరహా సంస్థలకు ఇది 2022 సెప్టెంబరు 25 నుంచి వర్తిస్తోంది. ఉబుంటులో ఇంజిన్‌ఎక్స్ లాగులు పద్నాలుగు రోజులకే చెరిగిపోయేలా డీఫాల్టు ఉంటుంది. పాత లాగులను చెరిపే లాగ్‌రొటేట్‌లో ఆ అంకెను మార్చి, కుదించిన లాగులను రోజూ వేరే చోటికి కాపీ అయ్యేలా ఇప్పుడే ఏర్పాటు చేయండి. పోలీసు ఫిర్యాదుకు ఆధారాలు కూడా ఇవే: ఐటీ చట్టం 43వ సెక్షను కంప్యూటర్ సేవను అడ్డుకోవడాన్ని తప్పుగా పేర్కొంటే, 66వ సెక్షను దానికి మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే వీలు కల్పిస్తుంది.

పరీక్షించి చూడండి

ఇదంతా అమర్చిన తర్వాత, గంటల లెక్కన అద్దెకు దొరికే మరో సర్వరు నుంచి డబ్ల్యూఆర్‌కే అనే సాధనంతో మీ సొంత సైటు మీద మాత్రమే, సంస్థ నియమాలు అనుమతించిన మేరకు, తెల్లవారుజామున కొద్దిపాటి రద్దీ సృష్టించి చూడండి. గిరి దాటగానే 429 వస్తోందా, క్యాష్ అయిన పేజీ ఆలస్యం లేకుండా తెరుచుకుంటోందా, అదే సమయంలో మీ ఫోనులో మొబైల్ డేటా మీద లాగిన్ అవుతోందా అన్నవి చూడవలసినవి. బూటర్ సైటుకు డబ్బు కట్టి పరీక్షించుకోవడం పరీక్ష కాదు, నేరంలో భాగస్వామ్యం. కన్సోల్ లాగిన్ వివరాలు, సంస్థ సహాయ విభాగం నంబరు, సీడీఎన్ ఖాతా పాస్‌వర్డు అదే సర్వరులోని ఫైలులో ఉంటే అవసరమైన రోజున దొరకవు. వాటిని కాగితం మీద రాసి బీరువాలో పెట్టి, మీరు ఊళ్లో లేనప్పుడు ఆ కాగితం ఎవరు తీయాలో ఆఫీసులో మరొకరికి చెప్పి ఉంచండి.